విరిగిన చెంచా చెప్పిన అంకె

పోయిన వారం మనం వీరరాఘవులును ఆత్మకూరులో, డాక్టర్ కరుణశ్రీ పళ్ళ ఆస్పత్రి కుర్చీలో వదిలిపెట్టి వచ్చాం. అప్పటికి ఆయన పన్ను స్టీలు పళ్ళెంలో ఉంది. పన్ను ఉండాల్సిన చోట దూది ఉంది. "సున్నా నుంచి పది దాకా లెక్కేస్తే నొప్పి ఎంత?" అని డాక్టరమ్మ అడిగింది. ఆయన "రెండు" అన్నాడు.

నిజం తొమ్మిది. ఆ సంగతి ఆయనకూ మనకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ పన్ను ఎందుకు పీకించుకున్నాడంటే, అది ఆయన వ్యాపారంలోంచి పుట్టిన ఆలోచన. ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చెక్కేవాళ్ళ దగ్గర సరుకు కొని బెంగళూరు, చెన్నై కొట్లకు పంపడం ఆయన పని. ముప్పై నాలుగేళ్ళుగా ఒకటే పద్ధతి. బస్తాలో చెయ్యి పెట్టి, చూడకుండా ఒక చెంచా తీసి, మోకాలికి ఆనించి విరుస్తాడు. ఆరిన చెక్క ఒక రకంగా పలుకుతుంది, పచ్చి చెక్క ఇంకో రకంగా పలుకుతుంది. ఒక్క చెంచా పోతే పోయింది, మిగతా బస్తా మీద ధైర్యం వస్తుంది. భార్య వసంతకుమారి దవడ పన్ను సంగతి వచ్చినప్పుడు కూడా ఆయనకు అదే తోచింది. ఎటూ తీయించుకోవాల్సిన సగం విరిగిన పన్ను ఒకటి తన నోట్లోనూ ఉంది. ముందు దాన్ని మచ్చు చూద్దాం అన్నాడు.

మచ్చు చూడక తప్పని పరిస్థితి మరి. నాలుగు నెలల కిందట వేరే ఊళ్ళో ఒక డాక్టరు వసంతకుమారికి చిగుళ్ళు మొద్దుబారే సూదిమందు వేశాడు. రెండు నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు, గొంతులో ఈల. మూడు రోజులు నెల్లూరు ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది. ఆ మందు ఈమెకు మళ్ళీ వద్దని ఎర్ర సిరాతో రాసి పంపారు. వేరే మందు పడుతుందో లేదో తేల్చే పరీక్షకు ఇంకా మూడు వారాలు ఆగాలి. పూర్తిగా మత్తు ఇద్దామంటే ఆమె గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోదు. పన్ను మాత్రం ఎవరి తేదీ కోసమూ ఆగడం లేదు. మాత్రలకు తగ్గినట్టే తగ్గి, ప్రతిసారీ ముందటికన్నా కాస్త కిందికి వాస్తోంది.

కరుణశ్రీ దగ్గర ఒక లేజర్ పెన్ను ఉంది. ఆక్యుపంక్చర్‌లో సూది గుచ్చే చోట్లనే ఈ పెన్ను వెలుగు పెడుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ మీద, చెవి మీద, దవడ మూల దగ్గర, ఒక్కోచోట ఒక్కో నిమిషం. గుచ్చడం లేదు, మందు లేదు. ఆ మాట వినే వీరరాఘవులు ఆత్మకూరు దాకా వచ్చాడు. డాక్టరమ్మ మాత్రం ముందే తెగేసి చెప్పింది.

"ఇది నొప్పిని తగ్గిస్తుంది గానీ తీసెయ్యదు. అందరికీ ఒకేలా పని చెయ్యదు. ఇన్నాళ్ళూ సూదిమందుకు తోడుగా వాడినాను. దీన్నొక్కదాన్నే నమ్ముకుని ఎప్పుడూ పన్ను పీకలేదు. మీది గట్టి పన్ను, అమ్మగారిది కదిలే పన్ను. మీరు తట్టుకుంటే ఆమె గురించి ఆలోచిస్తాను. మీకు నాలుగు దాటిందంటే నేను ఆమెను ముట్టుకోను. నెల్లూరు పంపిస్తాను. ఎంత ప్రమాదమైనా అక్కడ మత్తు డాక్టరూ గుండె డాక్టరూ పక్కన ఉంటారు."

అంతా విని, ఆ కుర్చీలో కూర్చుని, ఆయన రెండు అన్నాడు.

గాజు తలుపు తోసుకుని బయటి గదిలోకి వచ్చేసరికి బెంచీ మీద ఇద్దరే ఉన్నారు. ఒక చివర వసంతకుమారి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. రెండో చివర కలిగిరి నుంచి వచ్చిన జనార్దనయ్య అనే రైతు, ఒక బుగ్గ ఉబ్బి, ఇంకో బుగ్గతో నవ్వుతున్నాడు.

"ఏం శెట్టిగారూ, ఎర్ర లైటుకే ఊడొచ్చినాదా పన్ను?"

వీరరాఘవులు దూది మీద పళ్ళు నొక్కి తల ఊపాడు.

"నొప్పి?"

రెండు వేళ్ళు చూపించాడు.

"రెండేనా! అయితే నాకూ సూది వద్దని చెప్తా. ట్రాక్టరు కింద వేలు నలిగినప్పుడు కూడా నేను సూది ఎయ్యనీలా. మీరు మంచి మాట చెప్పినారు, పొద్దున్నుంచీ పారిపోదామనే చూస్తా ఉండాను."

ఒక మనిషి కోసం ఆడిన అబద్ధం అప్పుడే రెండో మనిషికి అంటుకుంది. వీరరాఘవులు వెళ్ళి భార్య పక్కన కూర్చున్నాడు. దవడలో ఎవరో కాలిన గరిటె పెట్టి తిప్పుతున్నట్టు ఉంది. ముఖం మాత్రం కొట్లో గల్లా ముందు కూర్చున్నప్పుడు ఎలా ఉంటుందో అలాగే పెట్టాడు.

ఈ ముఖం ఆయనకు కొత్త కాదు. కొనేవాడు ఎదురుగా ఉన్నప్పుడు సరుకును తక్కువ చెయ్యకూడదు, లోపల ఎంత గుబులున్నా కనుబొమ్మ కదలకూడదు. ఇందాక కుర్చీలో కూడా అదే జరిగింది. డాక్టరమ్మ అంకె అడిగినప్పుడు ఆయన కళ్ళు గాజు తలుపు మీదికి పోయాయి. తలుపుకు అవతల వసంతకుమారి లేచి నిలబడి చూస్తోంది. మళ్ళీ పళ్ళ డాక్టరు గడప తొక్కనని నాలుగు నెలలుగా మొండికేసిన మనిషి. ఈ ఒక్క పూట ఇక్కడి దాకా తీసుకురావడానికి నెల పట్టింది. తొమ్మిది అన్నాడా, ఆమె అటునుంచి అటే ఉదయగిరి బస్సెక్కుతుంది. ఇంకో నెల పోతుంది, వాపు ఇంకో వేలు కిందికి దిగుతుంది. అన్నీ లెక్క చూసుకునే రెండు అన్నాడు. ఆ క్షణంలో ఆ లెక్క సరిగ్గానే కనిపించింది.

ఆస్పత్రిలో పనిచేసే దివ్యశ్రీ లోపలి నుంచి తల బయటపెట్టింది.

"అమ్మా, పది నిమిషాల్లో మిమ్మల్ని పిలుస్తారు. కుర్చీ శుభ్రం చేస్తా ఉండాం." తర్వాత వీరరాఘవులు వైపు చూసి నవ్వింది. "నెల్లూరులో బెడ్డు అట్టిపెట్టమని పొద్దున చెప్పినాం గదా, వద్దని ఇప్పుడే ఫోన్ చేసేసినారు మేడం. మీకు రెండే గదా, ఇక్కడే అయిపోతాదిలే అన్నారు."

తలుపు మూసుకుంది.

వీరరాఘవులు లెక్క అక్కడ తప్పింది. తన మాట వసంత చెవిలో పడాలని అన్నాడు గానీ, డాక్టరమ్మ దాన్ని కాగితం మీద ఎక్కించి, దాని మీద నడుస్తుందని ఆలోచించలేదు. మళ్ళీ మొదటి నుంచి కట్టాడు. తన పన్ను గట్టిది, తొమ్మిది పలికింది. వసంత పన్ను కదులుతోంది కాబట్టి ఆరు అనుకుందాం. కింద చీముంది కాబట్టి ఏడు. పోనీ, దేవుడు మేలు చేసి ఐదే అనుకుందాం. ఐదైనా నాలుగు దాటినట్టే. ఎటు నుంచి కట్టినా నెల్లూరే వస్తోంది, ఆ నెల్లూరు బెడ్డు తన మాట మీదే పోయింది.

"మీ చేతిగుడ్డ ఇయ్యండి," అంది వసంతకుమారి. మాట ముద్దముద్దగా వచ్చింది. పొద్దున ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుంచీ అలాగే మాట్లాడుతోంది, వాపు కదా అనుకున్నాడు ఆయన. ఆమె తువ్వాలు కొస మొత్తం తడిసిపోయి ఉంది.

ఆయన తేరుకునేలోపే ఆమె తనే ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టింది. చేతిగుడ్డతో పాటు ఒక చెక్క చెంచా బయటికి వచ్చింది. ఒకటి కాదు, రెండు ముక్కలు.

ఆ చెంచా సంగతి కూడా చెప్పుకోవాలి. నొప్పి తట్టుకోలేకపోతే సైగ చెయ్యమంది డాక్టరమ్మ. ఎడమ చేతి మీద లేజర్ పెడుతుంది, అది కదలకూడదు. అందుకని వీరరాఘవులు ఎప్పుడూ భుజానికుండే మచ్చు సంచిలోంచి ఒక చెంచా తీసి కుడి చేత్తో పట్టుకున్నాడు. చెంచా కింద పడితే పని ఆపెయ్యాలని ఒప్పందం. చెంచా కింద పడలేదు.

వసంతకుమారి రెండు ముక్కల్నీ వెలుతురుకు పెట్టి చూసింది. విరిగిన చోట వేలితో రాసింది. ముప్పై ఏళ్ళుగా పెరట్లో ఆరబెట్టిన చెంచాలను ఏరి, పుచ్చువి ఒక పక్క, గట్టివి ఒక పక్క వేసే చెయ్యి అది.

"ఏంది ఇది?"

"ఏదీ?"

"ఈ చెంచా. లోపలికి పోయేటప్పుడు నిండుగా ఉండాది."

"పుచ్చు చెక్కలే."

"ఇది పిచ్చమ్మ చెక్కింది. నర్ది చెక్క, ఇనుము మాదిరి గట్టిది. నేనే ఆరబెట్టి, నేనే ఏరి సంచిలో ఏసినాను. పుచ్చు చెక్క నా చెయ్యి దాటి పోదు." కొంచెం ఆగి, నోరు తుడుచుకుని, నెమ్మదిగా అంది. "దీన్ని విరవాలంటే మీరే మోకాలు ఆనిస్తారు. కుర్చీలో పడుకున్న మనిషికి మోకాలు యాడి నుంచి వచ్చినాది?"

జనార్దనయ్య నవ్వు ఆపేశాడు.

"నేను తలుపు కాడ నిలబడి చూస్తానే ఉండాను," అంది ఆమె. "చెంచా పడలేదు, అబ్బ, నొప్పి లేదనుకున్నా. ఎంత?"

"రెండని చెప్పినా గదా."

"గిరాకీకి చెప్పే మాట నాకు చెప్పమాకండి. ఎంత?"

వీరరాఘవులు జనార్దనయ్య వైపు చూశాడు, గోడ మీద పళ్ళ బొమ్మ వైపు చూశాడు, చివరికి తన చేతుల వైపు చూసుకున్నాడు. రెండు అరచేతులూ ఒళ్ళో తెరిచి, ఒక్క బొటనవేలు మడిచాడు. తొమ్మిది.

ఆమె లేచి వెళ్ళిపోతుందనుకున్నాడు. చెప్పులు ఎక్కడున్నాయో కూడా చూశాడు. ఆమె మాత్రం కదల్లేదు.

"అంత నొప్పిలో చెంచా ఎందుకు వదల్లేదు?"

"నువ్వు చూస్తా ఉండావు."

వసంతకుమారి రెండు ముక్కల్నీ మళ్ళీ ఒకటిగా చేర్చి పట్టుకుంది, అతుకుతాయా అన్నట్టు. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి గానీ అవి కోపమో మరొకటో ఆయనకు తెలియలేదు. ఆ కళ్ళను చదవడంలో ముప్పై ఏళ్ళుగా ఆయన లెక్క కుదిరింది లేదు.

"డాక్టరమ్మకు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తా."

"స్వామీ," అన్నాడు జనార్దనయ్య, బుగ్గ పట్టుకుని. "నేను సూదే ఏపించుకుంటా. మీ పుణ్యాన ఇంకొంచెముంటే చచ్చేవాణ్ణి."

కరుణశ్రీ చేతికి కొత్త తొడుగులు వేసుకుంటోంది. వీరరాఘవులు చెంచా ముక్కలు రెండూ తీసుకెళ్ళి పళ్ళెంలో, తన పన్ను పక్కన పెట్టాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక మొదలుపెట్టలేదు. "తొమ్మిదమ్మా," అన్నాడు అంతే.

డాక్టరమ్మ పళ్ళెం వైపు చూసింది. ఆయన వైపు చూసింది. వేసుకున్న తొడుగులు ఒకటొకటిగా తీసేసింది.

"నేను అడిగింది మిమ్మల్ని ధర కాదు వీరరాఘవులు గారూ. కొలత అడిగినాను. ధరైతే మీ ఇష్టం, ఎంతైనా చెప్పండి. కొలత తప్పు చెప్తే ఆ తప్పు ఎవరి ఒంటి మీద పడతాదో తెలుసా మీకు?"

"తెలిసింది. అందుకే వచ్చినాను."

"ఎప్పుడు తెలిసింది? నేను నెల్లూరు బెడ్డు వద్దన్నాకనా?"

మామూలుగా ఎవరైనా ఇంత గట్టిగా మాట్లాడితే ఆయన రెండు మాటలు ఎక్కువే అంటాడు. ఇవాళ ఆయన దగ్గర మాటలు లేవు, ఉన్నవన్నీ ఇందాక ఆ ఒక్క అంకెలో పెట్టేశాడు.

"దివ్యశ్రీ, నెల్లూరుకు మళ్ళీ ఫోన్ కలుపు," అంది కరుణశ్రీ. అవతల ఎవరితోనో నాలుగు మాటలు మాట్లాడి పెట్టేసింది. ముఖం ఇంకా బిగుసుకుంది. "ఆ బెడ్డు ఇంకెవరికో ఇచ్చేసినారంట. సాయంత్రం ఐదింటికి చూద్దాం అంటా ఉండారు."

గోడ గడియారంలో పదకొండు ముప్పావు అయింది.

వసంతకుమారి ఎప్పుడు వచ్చిందో, గుమ్మంలో నిలబడి అంతా విన్నది. నేరుగా వచ్చి కుర్చీలో కూర్చుంది.

"అమ్మా, వద్దు," అంది డాక్టరమ్మ. "నాలుగు దాటితే చెయ్యనని చెప్పినాను."

"ఆయనకు దాటినాది. నాకు దాటిందని ఎవరు చెప్పినారు?" మాట్లాడటానికి ఆమె తల ముందుకు వంచాల్సి వస్తోంది. ఒక్కో మాట మధ్యలో చేతిగుడ్డ నోటి దగ్గరికి పోతోంది. "నాది కదిలే పన్ను. ఒక్క నిమిషం పని. మీ లైటు పెట్టండి. చెంచా ఇయ్యండి. నేను ఆయన మాదిరి కాదు, నొప్పైతే వదిలేస్తా."

"వసంతా, సాయంత్రం దాకా ఆగుదాం," అన్నాడు వీరరాఘవులు.

"మీరు అంకెలు చెప్పడం అయిపోయింది గదా. కూర్చోండి."

డాక్టరమ్మ గోడ గడియారం వైపు చూసింది. "ఒక పని చేద్దాం. పన్ను పీకను. వాపు చూడాలి ఎటూ. లైటు పెట్టి, వేలితో తాకి చూస్తా. ఆ తాకుడికే చెంచా పడితే ఇంక మారు మాట లేదు, ఐదింటికైనా ఆరింటికైనా నెల్లూరే. పడకపోతే అప్పుడు మాట్లాడుకుందాం. సరేనా?"

వసంతకుమారి తల ఊపింది. వీరరాఘవులు సంచిలోంచి ఇంకో చెంచా తీశాడు. ఇవ్వబోయి ఆగాడు. దాన్ని రెండు చేతుల మధ్య వంచి చూశాడు, గట్టిదే. మళ్ళీ ఆగి, సంచిలో వెతికి, కొంచెం సన్నగా, తేలిగ్గా ఉన్నది ఏరి ఇచ్చాడు. సరుకు ఏరిన ఇన్నేళ్ళలో గట్టి దాన్ని పక్కన పెట్టి తేలిక దాన్ని ఎంచుకోవడం ఆయనకు అదే మొదలు. పట్టుకోవడం కన్నా వదలడం సులువుగా ఉండాలి.

దివ్యశ్రీ అందరికీ నల్ల కళ్ళద్దాలు పెట్టింది. కరుణశ్రీ వసంతకుమారి ఎడమ చేతిని కుర్చీ చెయ్యి మీద పరిచి, బొటనవేలి పక్క కండ మీద పెన్ను ఆనించింది. ఎర్ర చుక్క వెలిగింది. యంత్రం సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. వీరరాఘవులు ఆ చుక్కను చూడలేదు. ఆమె కుడి చేతినే చూస్తున్నాడు. చెంచా నిలకడగా ఉంది. వేళ్ళు బిగుసుకోలేదు. ముప్పై సెకన్లు. నలభై. ఏమో, ఈమెకు పని చేస్తుందేమో. కొన్ని బస్తాల్లో మచ్చు చెంచా ఒక్కటే చెడ్డదై, మిగతా సరుకంతా మంచిదైన రోజులూ ఉన్నాయి. ఆయన మనసు అప్పుడే ఆ వైపు మొగ్గడం మొదలుపెట్టింది.

అరవై. పెన్ను కూతపెట్టి ఆగిపోయింది.

"బాగుంది," అంది డాక్టరమ్మ. "ఇప్పుడు చెవి దగ్గర పెడతాను. కుర్చీ కొంచెం వెనక్కి వాలుస్తా, భయపడొద్దు."

మీట నొక్కింది. కుర్చీ మెల్లగా వెనక్కి వాలింది.

చెంచా కింద పడింది.

నేల మీద రెండుసార్లు ఎగిరి, వీరరాఘవులు చెప్పు దగ్గర ఆగింది. డాక్టరమ్మ చేతిలో ఏ పరికరమూ లేదు. నోట్లోకి వేలు కూడా పెట్టలేదు. పంటిని ఎవరూ ముట్టుకోలేదు.

వసంతకుమారి కుర్చీ చేతులు రెండూ పట్టుకుని పైకి లేవబోతోంది. గొంతులోంచి సన్నగా, ఈల లాంటి చప్పుడు వస్తోంది. ఆ ఈల వీరరాఘవులు నాలుగు నెలల కిందట ఒకసారి విన్నాడు. కానీ ఇవాళ ఆమె ఒంట్లోకి ఏ మందూ పోలేదు.

కరుణశ్రీ ఒక్క ఊపులో కుర్చీని నిటారుగా లేపింది. కళ్ళద్దాలు తీసి పారేసి, ఆమె గడ్డం కింద, గొంతుకు రెండు పక్కలా వేళ్ళతో నొక్కింది. చెక్కలా గట్టిగా తగిలిందేమో, డాక్టరమ్మ ముఖంలో రంగు మారింది.

"నాలుక పైకెత్తమ్మా. చూస్తాను." చూసింది. "దివ్యశ్రీ, 108కి ఫోన్ చెయ్. ఇప్పుడే. పంటి వాపు గొంతుకు దిగినాది, ఊపిరి తీసుకోలేక ఉండారని చెప్పు." తర్వాత వంగి, వసంతకుమారి కళ్ళల్లోకి చూస్తూ అడిగింది. "అమ్మా, నాకు నిజం కావాలి. మీరు నీళ్ళు మింగి ఎన్ని గంటలైంది?"

వీరరాఘవులుకు అప్పుడు గుర్తొచ్చింది. ఆత్మకూరు బస్టాండు ఎదుట ఆమె ముందు పెట్టిన టీ గ్లాసు మీగడ కట్టి అలాగే ఉండిపోయింది. ఉదయగిరిలో పొద్దున ఇడ్లీ పళ్ళెం దగ్గర "ఆకలి లేదు" అంది. తువ్వాలు అంతలా ఎందుకు తడిసిందో ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. తను ఈమెకు భయం కలగకూడదని దాచుకుంటే, ఈమె తనకు భయం కలగకూడదని దాచుకుంది.

వసంతకుమారి మాట్లాడలేకపోయింది. డాక్టరమ్మ వైపు కాక మొగుడి వైపు చూసింది. ఎడమ చెయ్యి ఎత్తి ఐదు వేళ్ళూ తెరిచింది.

ఐదు గంటలు. ఐదైతే ఇంకా నయం, అనుకుని వీరరాఘవులు ఊపిరి పీల్చుకోబోయాడు.

ఆమె రెండో చెయ్యి కూడా మెల్లగా పైకి లేచింది. వేళ్ళు ఒకటొకటిగా తెరుచుకోవడం మొదలుపెట్టాయి.